యంత్రానికో కాఫీ

పుంగనూరు కాఫీలో ఉన్నన్ని యాంటీ ఆక్సిడెంట్లు మరే కాఫీలోనూ లేవని ప్రొఫెసర్ గోవిందరాజులు పత్రికలవాళ్లకు ముందే చెప్పేశాడు. మర్నాడు కుప్పం సదస్సులో పత్రం చదవాలి. ఇక మిగిలింది కొలవడమే.

కొలిచే లిక్విడ్ క్రొమటోగ్రఫీ యంత్రం మదనపల్లె పక్కన ఆయన కాలేజీలోనే ఉంది. తనిఖీలకొచ్చేవాళ్లకు చూపించడానికి కొన్నది కాబట్టి పసుపు కుంకుమలతో, ముసుగు కింద భద్రంగా ఉంది. దాన్ని వాడటం ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఫర్హానాకే తెలుసు. పాపం, ఆమె థీసిస్ మీద ఆయన సంతకం ఏడాదిగా పడటం లేదు.

ముందురోజే ఆమె పుంగనూరు కాఫీపొడితో డికాక్షన్ కాచి, వడకట్టి, కొలిచింది. అన్ని కాఫీల్లాగే ఉందని తేలింది. ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. తప్పు కాచిన చేతిదని తేల్చి, ఆ పొడి అమ్మే రఫీక్‌నే డికాక్షన్ కాచి తెమ్మని ఫోన్ చేశాడు.

రఫీక్ భార్య జహీరాకు ప్రాణం ఒప్పలేదు. అంత పెద్ద కాలేజీకి, అంత ఖరీదైన మిషన్‌కు ఉత్త డికాక్షనా? ఎంత మర్యాద తక్కువ! చిక్కటి పాలు, చక్కెర దండిగా కలిపి ఫ్లాస్కు నింపింది.

రఫీక్ తెచ్చిన ఫ్లాస్కు మూత తీయగానే ఫర్హానా అడ్డుపడింది. "సార్, పాలు కలిపుండారు. లోపల గొట్టం మూసుకుపోతాది."

పత్రిక ఫొటోగ్రాఫర్ ఎదురుచూస్తున్నాడు. "భయం యాలమ్మా? జనం తాగేది పాలకాఫీనే గదా," అంటూ ప్రొఫెసర్ తనే ఎక్కించాడు.

యంత్రంలో ప్రెషర్ పెరగసాగింది. అదంతా కాఫీ బలమేనని ఆయన రఫీక్ భుజం తట్టాడు. యంత్రం కూతపెడితే పక్కన నిలబడి ఫొటో దిగాడు. కాసేపటికి అది కూయడం కూడా మానేసింది. పాలు విరిగి గొట్టం నిండా గడ్డకట్టాయి.

"మా ఇంటామె సక్కెర తక్కువేసిందేమో సార్," అన్నాడు రఫీక్ బాధగా.

యంత్రం చెడగొట్టిందెవరని ప్రిన్సిపాల్ కబురు పెట్టాడు. ప్రొఫెసర్ చకచకా తప్పుకున్నాడు. కుప్పానికి ఫోన్ చేసి పత్రం మీద తన పేరు తీయించాడు, ఫర్హానా పేరొక్కటే మిగిలింది. ఫర్హానా నిన్నటికే తన విద్యార్థిని కాదని చూపించడానికి, ఆమె థీసిస్ మీద ముందురోజు తారీఖు వేసి సంతకం గీకేశాడు.

ఆ సంతకాన్ని ఫర్హానా దారి పొడవునా తడిమి చూసుకుంది. కుప్పంలో తాను కొలిచింది కొలిచినట్టే చదివింది. మొదటి బహుమతి వచ్చింది, ఒక్క పేరు మీదే.

పుంగనూరులో రఫీక్ అంగడి ముందు 'కాలేజీ మిషనే తట్టుకోలేని కాఫీ' అని బోర్డు వెలిసింది. గిరాకీ బాగుంది.

గోవిందరాజులు వచ్చే నెల టీ మీద పరిశోధన మొదలుపెడుతున్నాడు. ఫలితాలు నిన్ననే పేపర్లో వచ్చాయి.