నిల్వ నీటి రొయ్యలు

ఈ భూమ్మీద నీళ్ళు రెండే రకాలు. కదిలేవి, కదలనివి. కదిలే నీళ్ళను నదులనీ, సముద్రాలనీ, కుళాయి నీళ్ళనీ (వచ్చిన రోజున) అంటారు. కదలని నీళ్ళన్నీ, కుండలో ఉన్నా కుండీలో ఉన్నా, దోమల నిర్మూలనా విభాగానికి చెందుతాయి. ఈ సంగతి తెలియక విశాఖపట్నంలో చాలామంది తమ ఇంట్లో నీళ్ళు తమవేననుకుని బతికేస్తున్నారు. చలమయ్య కూడా అలా అనుకున్నవాడే.

తొంభైల్లో మాట. పెందుర్తి దారిలో ఉన్న ఒక రేకుల మిల్లులో చలమయ్య పని చేసేవాడు. (మిల్లు పేరు బయటికి రావడం మిల్లు వారికి ఇష్టం ఉండదు. రేకులు బయటికి రావడమే కష్టంగా ఉన్న రోజులవి.) మిల్లు వారి కాలనీలోనే క్వార్టరు. నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చి నడుం వాలిస్తే నిద్ర పట్టేది కాదు. పక్క క్వార్టర్లో మిక్సీ, పై క్వార్టర్లో టీవీ, కళ్ళు మూసుకుంటే చెవుల్లో మిల్లు మోత. మంచం మీద రాని ఆ నిద్ర ఒకరోజు మిల్లులో నిలబడి ఉండగా వచ్చింది. ఎర్రగా కాలిన రేకు పక్కన కునికినందుకు మేనేజరు మెమో ఇచ్చాడు. ఇంకొక్కసారి కునికితే సస్పెన్షన్ అన్నాడు. (కునికి రేకు మీద పడితే ఏమవుతుందో మెమోలో లేదు. అది వేరే విభాగం చూసుకుంటుంది.)

అదే షిఫ్టులో చేసే పోలిరాజు జాలిపడి ఒక ఉపాయం చెప్పాడు.

“బావా, నువ్వు మందులు మింగకు. గాజు తొట్టిలో సిన్న రొయ్యలేసుకుని సూడు. ఆటినలా సూత్తా ఉంటే నిద్దర దానంతటదే వచ్చేత్తాది.”

“మోటారు మోతుంటాది కదేటి?”

“మోటారెందుకు? మోటారెడితే పిల్లరొయ్యల్ని లోపలికి లాగీసుద్ది. నాచే నీళ్ళు కడుగుతాది. నువ్వు సెయ్యెట్టకుండా కూకుంటే సాలు.”

చెయ్యి పెట్టకుండా కూర్చుంటే చాలన్న పద్ధతి మీద మిల్లులో పెద్దపెద్ద విభాగాలే నడుస్తున్నాయి కాబట్టి చలమయ్యకు నమ్మకం కుదిరింది. ఆదివారం ఇద్దరూ ఆనందపురం దాటి వెళ్ళి, గెడ్డ అనే చిన్న వాగులో దిగి, ఇసకా, నాచూ, కాసిని నత్తలూ, ఒక దోసెడు చిట్టి రొయ్యలూ పట్టుకొచ్చారు. పాత గాజు తొట్టి ఒకటి దొరికింది. మొదట్లో నీళ్ళు కుడితిలా ఉన్నాయి. చలమయ్య చెయ్యి పెట్టలేదు. కొన్నాళ్ళకు మట్టి కిందికి దిగి, నాచు నిటారుగా నిలబడి, అవతలి గోడమీద క్యాలెండరు కనబడేటంత తేటగా తయారయ్యాయి. నత్తలు గాజుకు పట్టిన పాచిని గీకుతూ తిరిగేవి. రొయ్యలు సన్నటి చేతులతో ఏదో ఏరుకుని, నోట్లో పెట్టుకుని, మళ్ళీ ఏరుకునేవి. ఎవరిమీదా కేకలు లేవు, సైరన్ లేదు.

చలమయ్య మంచం మీద ఒత్తిగిలి వాటిని చూస్తూ పడుకున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. ఏమయిందోనని భయపడి అతని భార్య కామేశ్వరి మొహం మీద నీళ్ళు చల్లింది.

“వండుకుంటే పిడికెడు రావు. అంతసేపు ఏటి సూత్తావు మావా ఆటిని?” అని అడిగింది.

“అవి పని సేసుకుంటంటే సూత్తన్నానే. ఆటిమీద సూపర్వైజరు లేడు, సూసావా?”

ఒక రొయ్య కడుపు కింద ఆకుపచ్చటి గుడ్లు మోసింది. కొన్నాళ్ళకు పేనంత పిల్లలు నాచులో కనబడ్డాయి. చలమయ్య వాటిని చూపించడానికి చుట్టుపక్కల క్వార్టర్లలో మంచాల మీద ఉన్నవాళ్ళందరినీ లేపుకొచ్చాడు. మిల్లులో మళ్ళీ కునకలేదు. మేనేజరు అతన్ని చూసి తలూపాడు కూడా. ఆ మిల్లులో తలూపడమంటే సన్మానం కిందే లెక్క.

అప్పుడు శుక్రవారం వచ్చింది.

కాలనీలో శుక్రవారం డ్రై డే. ఆ రోజు ప్రతి ఇంట్లో బిందెలు, బకెట్లు, పూలకుండీ పళ్ళేలు బోర్లించి, దోమకు ఈ లోకంలో చోటు లేదని చాటాలి. దాన్ని తనిఖీ చేసేవారు దోమల విభాగం ఇన్‌స్పెక్టరు గురునాథరావు గారు. అమలాపురం వైపు మనిషి, మర్యాదస్తుడు. నోటీసు ఇచ్చేటప్పుడు కూడా మంచినీళ్ళు తాగారా అని అడుగుతారు. పొడుగు కాడ గరిటె, టార్చిలైటు పట్టుకుని లోపలికొచ్చి, తొట్టి ముందు ఆగారు.

“ఏంటండి చలమయ్యగారూ ఇది?”

“రొయ్యల తొట్టి బాబూ.”

“మోటారుందాండి?”

“నేదు బాబూ.”

“అయితే రొయ్యల తొట్టి కాదండి. మోటారుంటే అక్వేరియం అండి, లేకపోతే నిల్వ నీరండి. శుక్రవారం శుక్రవారం పారబొయ్యాలండి.”

“పారబోత్తే రొయ్యలు సచ్చిపోవేటి?”

“రొయ్యల్ని మేమేమీ అనట్లేదండి. నీళ్ళ గురించే మాట్లాడుతున్నాం.”

“ఇందులో దోమపిల్ల ఒక్కటుంటే సూపించండి బాబూ, నానే పారబోసేత్తాను.”

గురునాథరావు గారు గరిటెతో ముంచి, టార్చి వేసి చూశారు. ఒక నత్త ఆయన్ని తిరిగి చూసింది.

“లేవండి. కానీ ఉండడానికి వీలుందండి. మా విభాగం ఉన్నవాటి మీద పని చెయ్యదండి, వీలున్నవాటి మీద చేస్తుంది” అన్నారు.

చలమయ్య మెమో సంగతి, నిద్ర సంగతి చెప్పుకున్నాడు. మోటారు మోతలో తనకు నిద్ర పట్టదన్నాడు, పిల్లలు చస్తాయన్నాడు. గురునాథరావు గారి మనసు కరిగింది. పై ఆఫీసు నిర్ణయం వచ్చేదాకా నీళ్ళు కదులుతున్నట్టు భావించడానికి ఒప్పుకున్నారు. అందుకోసం ఇంట్లో ఎవరో ఒకరు పూటపూటా గరిటెతో తిప్పాలి. కామేశ్వరి పప్పు గరిటెతో ఒక వారం తిప్పింది. అడుగు మట్టి పైకి లేచి తొట్టి మళ్ళీ కుడితి అయింది. రొయ్యలు తుఫానుకు చిక్కిన పడవల్లా నాచును పట్టుకుని వేలాడాయి. చలమయ్య నిద్ర మానేసి వాటినే చూశాడు.

పై ఆఫీసు నిర్ణయం జీపులో వచ్చింది. పారబోయడానికి వీల్లేని నిల్వ నీళ్ళలో, అంటే బావుల్లో, దోమపిల్లల్ని తినే గంబూసియా చేపల్ని వదలాలని నిబంధన. కాబట్టి చలమయ్య తొట్టిని బావిగా గుర్తించారు. (లోతు జానెడు. బావికి ఎంత లోతుండాలో నిబంధనల్లో లేదు. బావికి గట్టు ఉండాలని మాత్రం ఉంది. గాజునే గట్టుగా పరిగణించి ఉదారంగా వదిలేశారు.) ప్లాస్టిక్ సంచి విప్పి చేపల్ని వదిలి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రానికి పిల్లరొయ్యలు ఒక్కటి లేవు. మర్నాటికి పెద్దవాటి కాళ్ళు పోయాయి. ఆ మర్నాటికి అవీ పోయాయి. నత్తలు తలుపులు మూసుకున్నాయి. చలమయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది. రేకు తగిలి చెయ్యి కాలినప్పుడు కూడా ఏడవని మనిషి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

“మీ సేపలు నా రొయ్యల్ని తినేసినాయి బాబూ” అన్నాడు శుక్రవారం నాడు.

“అలా జరగదండి. మా చేపలు దోమపిల్లల్ని మాత్రమే తింటాయండి. రికార్డులో ఉందండి.”

“మరి నా రొయ్యలేవి?”

గురునాథరావు గారు కాస్త ఆలోచించారు. “దోమపిల్లలై ఉంటాయండి” అన్నారు మెల్లగా. “చూశారా, మొదట్లోనే అనుమానించాను నేను.”

చలమయ్య ఆ చేపల్ని తీసుకుపొమ్మన్నాడు. కుదరదన్నారు. అవి విభాగం ఆస్తి, బావి ఉన్నంతకాలం బావిలోనే ఉండాలి, చచ్చిపోతే బాధ్యత బావి యజమానిది. పోనీ అటుకులు వేస్తానన్నాడు. అదీ కుదరదన్నారు. అటుకులు మరిగిన చేప విధి మరిచిపోతుందట. దోమపిల్లలే పెట్టాలి. కాలనీలో దోమపిల్లలు లేవని విభాగమే ధ్రువీకరించింది కాబట్టి, వాటిని పెంచుకోవడానికి పెరట్లో ఒక బకెట్ నీళ్ళు నిల్వ ఉంచుకునేందుకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. బకెట్ మీద తెల్ల రంగుతో “బోర్లించరాదు” అని రాయించి, బోర్లించిన బిందెల మధ్య దాన్ని నిలబెట్టారు.

అప్పటినుంచి గురునాథరావు గారు శుక్రవారం వచ్చి ముందు బకెట్లోకే తొంగి చూసేవారు.

“ఏంటండి, పిల్లలు పలచగా ఉన్నాయి? చేపలు చిక్కిపోవాండి?”

చలమయ్య సిగ్గుపడి, వాటికి కాస్త గంజి పోసేవాడు. దోమలు ఏపుగా పెరిగాయి. చేపలు తినగలిగినన్ని తిన్నాయి. మిగిలినవి రెక్కలు వచ్చి క్వార్టర్లోకి వచ్చేశాయి. చలమయ్య పగలు దుప్పటి కప్పుకుంటే ఉక్క, తీస్తే దోమలు. కామేశ్వరి వేపాకు పొగ వేస్తే దగ్గు. బకెట్ పారబోద్దామంటే నోటీసు.

ఆ నెలాఖరులో మిల్లులో రేకు ఎర్రగా కదిలి వస్తూండగా చలమయ్య నిలబడే నిద్రపోయాడు. పోలిరాజు చొక్కా పట్టుకుని వెనక్కి లాగకపోతే సస్పెన్షన్ ఇవ్వడానికి మనిషి మిగిలేవాడు కాదు.

విచారణ పెట్టారు. పగలు ఎందుకు పడుకోలేదని అడిగితే, దోమలు అన్నాడు చలమయ్య. విచారణాధికారి న్యాయబుద్ధి గలవాడు. కాలనీలో దోమలున్నాయా అని విభాగాన్ని రాతపూర్వకంగా అడిగాడు. గురునాథరావు గారు మెడ మీద వాలిన దాన్ని చరిచి, అదే చేత్తో “లేవు” అని రాసి సంతకం పెట్టారు.

“మీరే కదా బాబూ వారం వారం బకెట్లో సూత్తన్నారు!” అన్నాడు చలమయ్య.

“బకెట్లో ఉన్నది మేతండి” అన్నారాయన నిజంగా బాధపడుతూ. “ఎగిరాక ఏమవుతుందో రాయడానికి మా రికార్డులో చోటు లేదండి. మిమ్మల్ని చూస్తే జాలేస్తోందండి. మంచినీళ్ళు తాగారా?”

డ్యూటీలో నిద్రపోయినందుకు ఒకటి, లేని దోమల మీద నెపం వేసినందుకు ఒకటి, రెండు నేరాలు రుజువయ్యాయి. ఆర్డరు ఇంటికొచ్చింది. సదరు కార్మికుణ్ణి జీతం లేకుండా నిలిపివేయడమైనది. సదరు క్వార్టరులోని చేపలను స్థిరాస్తిగా నమోదు చేయడమైనది కనుక, సదరు కార్మికుడు ఊరు విడిచి వెళ్ళక, వేళకు మేత పెట్టుచుండవలెను.

కామేశ్వరి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏటి రాసారు మావా?”

చలమయ్య కాగితం మడిచి, గ్లాసు తీసుకుని, పెరట్లో బకెట్ వైపు నడిచాడు.

“నన్ను ఆపీసారే. సేపల్ని పర్మినెంటు సేసారు.”