బలరాం కటిభ్రమణ విజయం

స్వస్తి! గోదావరికి దక్షిణాన, కిన్నెరసాని నీళ్లు వెండితీగవలె మెలికలు తిరుగుతూ పారే అరణ్యసీమలో, టేకుచెట్లు ఆకులన్నీ రాల్చి ఎండకు ఒళ్లప్పగించిన ఫాల్గుణ మాసాన, విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు ఆకాశానికి అహోరాత్రాలు ధూపం వేస్తున్న పాల్వంచ పట్టణంలో, సీతారావమ్మగారి మేడమీది కిరాయివాటాలో, కుర్చీలు గోడకు జరపగా ఏర్పడిన రణరంగంలో ఒక మహాసంగ్రామం జరిగింది. దానిని చూసినవారు స్వల్పం. చూసి నవ్వనివారు శూన్యం. నవ్వు ఆపుకొని చెప్పబూనిన నేను కథానాయకుని ఘనతను ముందుగా వర్ణిస్తాను. ఆయన ఘనతలో అధికభాగం ముందువైపే ఉంది గనుక.

అతడు బానోతు వంశాబ్ధిచంద్రుడు, తండావాసి హాతీరాం ప్రియపుత్రుడు, అటవీశాఖలో సెక్షన్ ఆఫీసరు, బలరాం నామధేయుడు. కుర్చీని విడువని దీక్షాదక్షుడు. జీపు దిగని వనసంచారి. పునుగుల పొట్లాన్ని ఏకాకిగా ఎదుర్కొని ఎన్నడూ వెన్నుచూపని శూరుడు. అతని ఖాకీ చొక్కా బొత్తాలు శత్రువుల ముట్టడిలో చిక్కిన కోటతలుపులవలె గడగడ వణుకుతూ నిలిచి ఉండేవి. అడవిని రక్షించే ఈ మహానుభావుడు అడవిని దర్శించింది చాలావరకు ఆఫీసు గోడమీది మ్యాపులోనే.

అట్టి బలరాంకు ఒకనాడు ఆపద మూడింది. గుట్టమీద ఎవరో టేకు నరుకుతున్నారని కబురు వచ్చింది. జీపు గుట్ట ఎక్కదు. విధిలేక వీరుడు కాలినడకన కదిలాడు; సగం దూరం ఎక్కి, ఒక బండరాతి మీద కూలబడి, చేపవలె నోరు తెరిచాడు. కిందిఉద్యోగి శివ వెనక్కి వచ్చి, సీసా మూత తీసి అతని నోటికి అందించి, టోపీతో విసిరాడు. దొంగలు గొడ్డళ్లు భుజాన వేసుకొని నింపాదిగా గుట్ట దిగిపోయారు.

మరునాడు దవాఖానాలో భాను డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, కళ్లద్దాలు తీసి, అతన్ని చూసింది.

"సార్, షుగర్ బాగా పెరిగింది. ఒళ్లు కదిలియ్యకుంటే ఇగ సూదులే. రోజూ నడువుండ్రి."

నడిచాడు. ఒక్క ఉదయం నడిచాడు. టీకొట్టు దగ్గర ఒకరు, కిరాణాకొట్టు దగ్గర మరొకరు, పాలప్యాకెట్లు పట్టుకొని పోతున్న ఇంకొకరు, అందరూ ఒకే బాణాన్ని సంధించారు: "ఏంది సార్, షుగరా?" ఎలుగుబంటి అరుపుకు జంకనని చెప్పుకునే ధీరుడు ఆ మాటకు ఛిన్నాభిన్నుడై, ఆటో ఎక్కి ఇల్లు చేరాడు.

అతని భార్య జ్యోత్స్న హైస్కూలు టీచరు. భర్త ఆటోలో వాకింగునుండి తిరిగివచ్చిన దృశ్యాన్ని బాల్కనీనుండి తిలకించి, తలుపు తీస్తూనే పరిష్కారం చెప్పింది.

"బయట సిగ్గయితే ఇంట్లనే ఎగురు. మా స్టాఫ్‌రూంల అందరు లాటిన్ డాన్స్ వర్కవుట్ చేస్తున్రు. వీడియో పెట్టుకోని చేసుడే."

"లాటిన్ అంటే ఏంది?"

"దక్షిణ అమెరికా దిక్కు డాన్సులంట, సల్సా అని. నడుము తిప్పాలె."

నడుము! ఆ ప్రదేశం తన దేహంలో ఎక్కడున్నదో బలరాం మరచి చాలాకాలమైంది. పైన ఛాతీ ఉన్నది, కింద కాళ్లున్నవి, కనుక మధ్యలో నడుమన్నది ఉండితీరాలని ఊహించి సరిపెట్టుకోవలసిన స్థితి. అయినా వీరుడు లేచాడు. మీసం దువ్వాడు. గోడలు ప్రతిధ్వనించేటట్లు శపథం చేశాడు.

"జ్యోత్స్నా, ఇను! ఈ బానోతు బలరాం ఎలుగుబంటికి ఎదురువోయినోడు!"

"అవ్, జీపుల కూసోని."

"ఆ సల్సా అంతు చూసేదాక చక్కెర ముట్ట! పాట పురాగ అయ్యేలోపల నేల మీద కూసుంటే ఈ మీసం తీసేస్త!"

"మీసం ఉండనియ్యి. ముందుగాల్ల ఆ టీపాయి జరుపు."

సాయంకాలం ఆఫీసునుండి వచ్చి, ఖాకీలు విసర్జించి, కొత్త ట్రాక్‌ప్యాంటు అనే కవచాన్ని అతికష్టంమీద ధరించి, బలరాం టీవీ ఎదుట నిలిచాడు. తెరమీద సముద్రతీరం. ఆ తీరాన ఒక యువతి, చిరునవ్వు చెదరక, చెమట చుక్క చిందక, మజ్జిగ కుండలో కవ్వంవలె నడుమును తిప్పుతున్నది. బాకాలు మోగాయి, డప్పులు దద్దరిల్లాయి. ఆమె కుడికి జరిగితే ఇతడు ఎడమకు జరిగాడు. ఆమె గుండ్రంగా తిరిగితే ఇతడు చతురస్రంగా తిరిగాడు. ఆమె చేతులు పైకెత్తగా తానూ ఎత్తి, తిరుగుతున్న ఫ్యాను గుర్తొచ్చి గభాలున దించి, ఆ ఊపులో మోకాలితో దివాన్ కోడును ఢీకొని, "అమ్మా" అని ఆర్తనాదం చేశాడు. ఇంత కల్లోలంలోనూ నడుము మాత్రం కదలలేదు. రాజ్యమంతా తగలబడుతున్నా అంతఃపురంలో నిద్రించే సోమరిరాజువలె అది నిశ్చలంగా ఉన్నది.

ఇంతలో తలుపు దబదబ మోగింది. కింది వాటానుండి ఇంటి యజమానురాలు సీతారావమ్మ, చేతిలో గరిటెతో సహా, మెట్లెక్కి వచ్చింది.

"ఏంది నాయనా, పైన రోలు దొర్లిస్తున్నారా? సున్నం రాలి మా పప్పుల పడ్డది!"

"ఎక్సర్‌సైజు... చేస్తున్న... అమ్మా."

ఆమె అతన్ని నఖశిఖపర్యంతం పరికించి, జాలిపడింది. "అయితే కింద పరుపేసుకొని చెయ్యి నాయనా. పడ్డా దెబ్బ తగలదు."

ఆ పిమ్మట సాగిన యుద్ధదినాల చరిత్రను వర్ణించడానికి నా కలం సిగ్గుపడుతున్నది. పాట సగానికి రాకమునుపే వీరునికి అత్యవసరమైన ఫోన్లు వచ్చేవి, మోగకుండానే. నెట్ పోయేది, వీధిలో అందరికీ ఉండగానే. దాహం వేసేది, నీళ్లు తాగడానికి కూర్చోవలసి వచ్చేది, కూర్చున్నాక లేవడం మరునాటికి వాయిదాపడేది. నేల మీద కూర్చుంటేనే శపథభంగమనీ, సోఫా మీద కూర్చుంటే కాదనీ అతడు ధర్మసూక్ష్మం వెలికితీశాడు. మీసం క్షేమంగా ఉన్నది. పొట్ట ఇంకా క్షేమంగా ఉన్నది.

అట్లుండగా ఒక ఆదివారం, ఇల్లందు దగ్గరి తండానుండి అతని తల్లి మోతీ, కొత్త మిరపకాయల మూటతో బస్సు దిగి, చెప్పకుండా ఇంటికి వచ్చింది. తలుపు తీసే ఉన్నది. లోపల, కరెంటుతో వెలుగుతున్న టీవీ ముందు, కొడుకు కళ్లు తేలేసి, చేతులు విదిలిస్తూ, నిలువెల్లా కంపించిపోతున్నాడు. మాతృహృదయం సెకనులో సర్వం గ్రహించింది. మూట కింద పడింది.

"జ్యోత్స్నా! జల్దీ రా! పిలగానికి కరెంటు కొట్టింది!"

కరెంటు పట్టినవాణ్ణి చేత్తో తాకరాదు, కట్టెతో కొట్టాలి. వంటింటి గడపదగ్గర చపాతీ కర్ర కనిపించింది. ఆ వీరమాత దానిని గదవలె ఎత్తి, పుత్రుని పిక్కమీద ఫెడేలుమని కొట్టింది. బలరాం గాలిలోకి ఎగిరాడు. ఇన్ని రోజుల సాధనలో అంత ఎత్తుకు ఎగరడం అదే ప్రథమం.

"యాడీ! డాన్స్... డాన్స్ చేస్తున్న!" అని తండాభాషలో అమ్మను పిలుస్తూ అరిచాడు.

మోతీ కర్ర దించింది. టీవీలోని పిల్లను చూసింది. కొడుకును చూసింది. మళ్లీ టీవీని చూసింది. "గిది డాన్సా?" అని, నేలమీద చతికిలబడి, కొంగు నోట కుక్కుకొని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. వంటింట్లోంచి వచ్చిన జ్యోత్స్నా నవ్వింది. బలరాం నవ్వలేదు. కుంటుకుంటూ పడకగదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

కొంతసేపటికి జ్యోత్స్న పసుపు, నూనె కలిపి తెచ్చి, అతని పిక్కకు రాస్తూ కూర్చుంది. ఈ చోట నేను ఇంతసేపూ ఊదుతున్న వీరగాథా శంఖాన్ని పక్కన పెట్టక తప్పదు.

"ఆ గుట్ట మీద శివ నా నోటికి సీసా పెట్టిండు జ్యోత్స్నా," అన్నాడు బలరాం గోడవైపు తిరిగి. "ఒక్క మాట అనలే. అంటెనే మంచిగుండేది. గుండె ఎట్ల కొట్టుకుందో నాకే ఎరుక. ఇగ పోతనేమో అనుకున్న."

ఆమె చేయి ఆగింది. ఈ సంగతి ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.

"మా నాయనకు గూడ షుగరే, డాక్టర్ మాట నవ్వి కొట్టిపారేసిండు," అంది మెల్లగా. "కాలు తీసేసినంక ఏడ్సిండు. నాకు నీ మీసం వద్దు, నీ శపథం వద్దు. నీ రెండు కాళ్లు గావాలె. ఫోన్ వచ్చిందని అబద్ధం ఆడినప్పుడల్లా నేను వంటింట్ల నిలబడి ఏం అనుకుంటున్ననో ఎరుకేనా?"

బలరాం గోడవైపునుండి ఇటు తిరిగాడు. జ్యోత్స్న లేచి, చున్నీని నడుముకు బిగించి కట్టింది.

"లే. నేను గూడ చేస్త."

శంఖాన్ని తిరిగి అందుకుంటున్నాను. సాయంసంధ్యలో సేనలు మోహరించాయి. కుడిపక్క జ్యోత్స్న. దివాన్ మీద మోతీ, పశ్చాత్తాపంతోనో మిగిలిన నవ్వుతోనో, చేతులు చరుస్తూ తాళం అందుకున్నది. తీజ్ పండుగకు తండాలో అలుపులేక ఆడిన చేతులవి. బాకాలు మోగాయి. తెరమీది యువతి కుడి అన్నప్పుడు బలరాం కుడికే కదిలాడు. చెమట వరదలై కనుబొమల కట్టలు తెంచుకున్నది. శ్వాస కొలిమితిత్తివలె ఎగసింది. సోఫా తన మెత్తని బాహువులు చాచి పిలిచింది, చూడలేదు. ఫోను ఈసారి నిజంగానే మోగింది, ఎత్తలేదు. దివాన్ కోడు పాతపగతో పొంచి చూసింది, తప్పుకున్నాడు.

అప్పుడు, ఓ జనులారా, అతని నడుము కదిలింది! మూరెడు కాదు, జానెడు కాదు. గడియారపు ముల్లు ఒక నిమిషంనుండి పక్క నిమిషానికి జరిగినంత. అయినా కదిలింది.

"తిరిగింది! బిడ్డా, తిరిగింది!" అని మోతీ కేక పెట్టింది.

పాట ముగిసింది. బలరాం నిలబడే ఉన్నాడు. గోడను పట్టుకొని, భార్య భుజాన్ని పట్టుకొని, నిలబడే ఉన్నాడు.

తెరమీది యువతి చప్పట్లు చరిచి, తళతళలాడే పళ్లతో, ఇంగ్లీషులో ఒక మాట సెలవిచ్చింది: శభాష్, వార్మప్ అయిపోయింది, ఇక అసలు డాన్స్ మొదలుపెడదామా?

జ్యోత్స్న పెదవి కొరుక్కుంటూ మొహం అటు తిప్పుకుంది.

"ఏమంటాంది ఆ పిల్ల?" అని అడిగింది మోతీ.

బలరాం రిమోటు అందుకున్నాడు. మీట నొక్కి ఆ సముద్రతీరాన్నంతా చీకటిపాలు చేశాడు. తరువాత, ఊపిరి కూడగట్టుకొని, రాజఠీవితో తల్లివైపు తిరిగాడు.

"గెలిచినమంటాంది, యాడీ."

కావున సకల దిక్కులకూ తెలియజేయడమేమనగా, బానోతు బలరాం వార్మప్ అనే కోటగుమ్మాన్ని ఛేదించి, కోటలోకి మాత్రం అడుగిడక, సోఫా అనే సింహాసనాన్ని సగౌరవంగా అధిష్ఠించాడు. జయం పాల్వంచకు! జయం ఆ మేడమీది వాటాకు! జయం కదిలిన నడుముకు! అది ఏ వైపుకు కదిలిందన్న విచారణ అనవసరం.