షెడ్యూలర్‌లో దొంగ

ఆ ఉదయం డాక్యుమెంట్లు రాసే ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా షెడ్యూలర్ పత్రం ముగించాలి. సాయంత్రం, అదే ఆఫీసులో టెస్టరుగా చేరిన మరిది ఉద్యోగం పర్మినెంటయ్యాక ఇద్దరూ కలిసి ఇంటికెళ్ళాలి.

ప్రోగ్రామర్లు కోడ్ మార్చినప్పుడల్లా దాన్ని పరీక్షించే యంత్రాలు అక్కడ కొన్ని ఉన్నాయి. ఎవరి వంతు ముందో తేల్చేది షెడ్యూలర్. వరుస ఎంత పొడవుంది, ఎన్ని యంత్రాలు ఖాళీ అన్న అంకెలను అది ఒక పేజీలో చూపిస్తుంది. ఒక్కో అంకెకూ అర్థం రాయడమే ఆమె పని.

చివరి అంకె దగ్గర చెయ్యి ఆగింది. దాని పేరు ‘అదర్స్’. అది పెట్టిన మనిషి ఎప్పుడో ఉద్యోగం మానేశాడు. వరుసలో ఒక్క పనీ లేదు. అయినా ఇందాకటికన్నా అంకె పెరిగింది.

ఆమె వెళ్ళి మేనేజర్‌ని అడిగింది. అదే పొరపాటు. అనుమానం లేనిదే ఆయనకు ఊపిరాడదు. చాటుగా అందరూ ఆయన్ని భూతద్దం అంటారు.

"ఎవడో మన యంత్రాల మీద సొంత పని చేయించుకుంటున్నాడు మేడమ్. ముందా తలుపెయ్యండి."

పేజీ తెరిచారు. పెరిగింది. మూసి తెరిచారు. మళ్ళీ పెరిగింది.

"మనం చూస్తుండగానే! ఎంత బరితెగింపు!"

ఆయన ఒక్కొక్కరికీ విడివిడిగా మెయిల్ పంపాడు. ఆ అంకెను గమనించండి, పక్కవాళ్ళనీ గమనించండి, ఎవరికీ చెప్పొద్దు. కాసేపటికి ఆఫీసంతా గుట్టుగా అదే పేజీ తెరిచి చూస్తోంది. అంకె పరుగందుకుంది.

"ముఠా!" అన్నాడు భూతద్దం.

పిల్లిలా హాలంతా తిరిగొచ్చాడు. టెస్టరు కుర్రాడు ఎవరైనా దగ్గరికొస్తే చటుక్కున స్క్రీన్ మార్చేస్తున్నాడు. ఇంకేం కావాలి?

"మీ మరిదే మేడమ్. పర్మినెంట్ కాగితం నా సంతకం కోసం ఆగింది. ఇక ఆగిపోయినట్టే."

ఆమె మరిదిని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది.

"నిజం చెప్పు. ఏం చేస్తున్నావు?"

"ఏం లేదొదినా. ఊరికే చూస్తున్నా."

"ఏం చూస్తున్నావు?"

"చెప్పకూడదు." గొంతు తగ్గించాడు. "నువ్వేమైనా చేశావా వదినా? ఇప్పుడే చెప్పెయ్. అన్నయ్యకి నేను నచ్చజెప్తాలే."

ఈలోగా భూతద్దం అందరి లాగిన్లూ మూసేయించాడు. తన కంప్యూటర్ ఒక్కటే మిగిల్చి, హాల్లో పెద్ద తెరకు తగిలించాడు.

"ఇప్పుడు కదిలిందా, దొంగ దొరికినట్టే!" అని పేజీ తెరిచాడు.

ఒకటి పెరిగింది. మళ్ళీ తెరిచాడు. ఇంకొకటి.

పనిచేస్తున్న కంప్యూటర్ ఆయనదొక్కటే. అందరి కళ్ళూ మెల్లగా ఆయన మీదికి తిరిగాయి.

"నేనా?" అంటూ తన చేతుల వంకే అనుమానంగా చూసుకున్నాడు.

"కాసేపు ఏదీ ముట్టుకోకండి సార్," అందావిడ. అందరూ కాసేపు ఆగారు. "ఇప్పుడు తెరవండి."

అంతసేపు ఆగినా ఒకటే పెరిగింది.

"ఇది పనుల లెక్క కాదు సార్. ఈ పేజీని ఎన్నిసార్లు తెరిచారో ఆ లెక్క."

"మరి దొంగ?"

"పొద్దున్నుంచి దొంగని వెతికినవాళ్ళమే సార్."

మరిది చప్పుడు చేయకుండా పర్మినెంట్ కాగితం ముందుకు తోశాడు. భూతద్దం సంతకం పెట్టి, అది తనదేనా కాదా అని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు.

సాయంత్రానికి పత్రం పూర్తయింది. దాన్ని ఎంతమంది తెరుస్తున్నారో చూపే అంకె ఒకటి కొత్తగా పెట్టమని మేనేజర్ ఆదేశించాడు.