ఎంతకైతే చేస్తావు?

ఆ ఉదయం ఆర్థికవేత్త వేసుకున్న పథకం చిన్నదే. ఫ్యాక్టరీ గేటు ముందు బల్ల వేసుకుని, పని కోసం తిరిగేవాళ్లను ఒకే ప్రశ్న అడగాలి: తక్కువలో తక్కువ ఎంత జీతమైతే చేరతావు? బ్యాంకుల మీద, వడ్డీల మీద రాసి రాసి జుట్టు రాలగొట్టుకున్న మనిషి ఇప్పుడు జీతాల మీద పడ్డాడు. ఈ వ్యాసం పూర్తయితేనే పరిశోధన సంస్థలో అతని కాంట్రాక్టు పొడిగిస్తారు.

"పొడిగించకపోతే?" అంది భార్య, అన్నం డబ్బా చేతికిస్తూ.

"నాలాంటివాడు వాళ్లకు మళ్లీ దొరుకుతాడా?"

బల్ల, కుర్చీ, మెడలో కార్డు చూడగానే జనం వరస కట్టారు. కుర్చీలో కూర్చుని జీతం ఊసెత్తినవాడు ఉద్యోగం ఇచ్చేవాడు కాక మరెవడవుతాడు?

"ఇరవై వేలండి," అన్నాడు ముందున్న వెల్డరు.

వెనకున్నవాడు అతని భుజం మీదుగా తొంగిచూశాడు. "నేను పద్దెనిమిదికే చేస్తానండి."

"ఏమయ్యా, నీకు పెళ్లాం బిడ్డల్లేరా?" అని వెల్డరు ఇటు తిరిగాడు. "పదహారు రాసుకోండి సార్."

"అయ్యా, ఇది వేలంపాట కాదు. నా దగ్గర ఉద్యోగాల్లేవు."

"మొదట అందరూ అలాగే అంటారు లెండి," అన్నాడు వెల్డరు. "పద్నాలుగు. ఇంక బేరమాడకండి, ఇంట్లో మొహం చూపించలేను."

ఆర్థికవేత్త ఎంత కాదంటే రేటు అంత దిగింది. చివరికి ఆ వెల్డరే పన్నెండన్నాడు. నిజాయితీపరుడు కాబట్టి ఆర్థికవేత్త అదీ రాసుకున్నాడు.

మేడమీద కిటికీలోంచి మేనేజరు అంతా విన్నాడు. లోపలి పనివాళ్లను పిలిచి, "బయట పన్నెండుకి కొట్టుకు చస్తున్నారు. మీరేమంటారు?" అన్నాడు. వాళ్లేమంటారు? తగ్గించిన జీతానికి సంతకాలు పెట్టి మిషన్ల దగ్గరికి పోయారు. బయటివాళ్లలో ఒక్కడికీ పని దొరకలేదు.

"మాకెలాగూ ఇవ్వలేదు," అన్నాడు వెల్డరు, బల్ల మడవడానికి సాయం చేస్తూ. "వాళ్ల నోటి దగ్గరిదీ లాగేశారు కదండీ."

వ్యాసం మాత్రం దివ్యంగా కుదిరింది. ఏ వ్యాసాన్నీ రెండో పేజీ దాటి చదవడని పేరున్న డైరెక్టరు స్వయంగా కబురుపెట్టాడు. గది బయట బెంచీ మీద, చదువు ముగించి ఖాళీగా ఉన్న కుర్ర ఆర్థికవేత్తలు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు.

"అద్భుతమండీ," అన్నాడు డైరెక్టరు. "ఇంత తేలికైన పద్ధతి మనకిన్నాళ్లూ తట్టనే లేదు. సరే, మీరు చెప్పండి. తక్కువలో తక్కువ ఎంతకైతే చేస్తారు?"

ఆర్థికవేత్త తలుపు వైపు చూశాడు. బెంచీ మీద ఒకడు అప్పుడే లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడిచ్చేదాంట్లో సగం," అన్నాడు ఆర్థికవేత్త. "ఇంక బేరమాడకండి, ఇంట్లో మొహం చూపించలేను."

"ఆ మాట అన్నాక కూడా మనిషి ఇంకా దిగుతాడని మీరే రాశారు కదండీ."

ఆ ఒక్క వ్యాసాన్నే డైరెక్టరు చివరిదాకా చదివాడు.