గుంతలు పూడ్చేవాళ్ళతో జాగ్రత్త!

ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు చచ్చినా చేయకూడని పని ఒకటుంది. అది ప్రోగ్రాము రాయడం!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. ఒక్కనాడైనా పంచాయతీ మీటింగు చూశానా? మునిసిపాలిటీ గడప తొక్కానా? నా పిల్లలకు మార్కులేమైనా తగ్గాయా? విషయం దగ్గరికి పోకుండా విషయం చెప్పడమే కదండీ విద్యంటే!

ఈమధ్య మా మదనపల్లెలో రాయి విసిరితే గో భాష నేర్పే ఇన్‌స్టిట్యూట్ బోర్డుకే తగులుతోంది. గో అంటే కంప్యూటర్ భాష. పుంగనూరు ఆవు సంగతి దయచేసి ఎత్తకండి, ఆ జోకు ఇక్కడ ప్రతివాడూ వేసేశాడు. పెద్ద కంపెనీల సర్వర్లు ఈ భాషతో నడుస్తాయట. నేను చూడలేదు. చూడకపోవడం నా పద్ధతని ఇప్పుడే మనవి చేశాను.

ఈ భాష గొప్పతనమంతా దాని గుంతల్లో ఉంది. కొత్తగా నేర్చుకునేవాడు కాలు పెట్టిన చోటల్లా గుంతే! ఒక పేరు పెట్టి దాన్ని వాడకుండా వదిలేశారనుకోండి, మొత్తం ప్రోగ్రామునే నడపనంటుంది. ఈ రూలు మన పెళ్ళిళ్ళకు పెడితే విడిదింట్లో ఎంతమంది మిగులుతారు? ఒక జాబితాను రెండు ముక్కలు చేస్తే, ఇందులో రాసింది అందులోనూ మారిపోతుంది. అన్నదమ్ములు పొలం పంచుకుని బోరు మాత్రం ఉమ్మడిగా వదిలేసినట్టన్నమాట. ఇక నాలుగు పనులు పక్కకు పంపిన ప్రోగ్రాము, అవి తిరిగొచ్చేదాకా ఆగకుండా తలుపేసుకుని పోతుంది. పలమనేరులో టీకి దిగినవాళ్ళను వదిలేసి బెంగళూరు బస్సు కదిలిపోలేదూ? అట్లా!

వీటిని చూసి భయపడేవాడు మూర్ఖుడు. గుంత ఉంటేనే ప్రశ్న ఉంటుంది. ప్రశ్న ఉంటేనే ఇంటర్వ్యూ ఉంటుంది. ఇంటర్వ్యూ ఉంటేనే ఇన్‌స్టిట్యూట్ ఉంటుంది. ఇంత మంది గుంతను నమ్ముకుని బతుకుతుంటే దాన్ని పూడ్చమనడానికి మనసెలా వస్తుంది?

ఈ సూక్ష్మం తెలిసిన మహానుభావుడు మా వీధిలోనే ఉన్నాడు. పేరు జయచంద్ర మాస్టారు. విజయపథం అనే ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు. గో భాషలోని గుంతలన్నీ ఏరి, గుంతకో ప్రశ్న, ప్రశ్నకో జవాబు చొప్పున క్వశ్చన్ బ్యాంకు తయారు చేశాడు. పిల్లలు దాన్ని ఎక్కాల్లాగా రాగం తీసి చదువుతారు. కంప్యూటర్లు కూడా ఉన్నాయి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచాడు.

ఆ బ్యాంకులో మకుటం లాంటి ప్రశ్న ఒకటుంది. మన పిల్లలకు సులభంగా ఉంటుందని మాస్టారు దానికి మన ఊళ్ళ పేర్లే పెట్టాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని మూడు పేర్లున్నాయి. ప్రోగ్రాము ఒక్కో పేరు దగ్గర ఆగి, 'ఈ పేరు తర్వాత చెప్పు' అని ఒక చీటీ మడిచి పెడుతుంది. మూడూ మడిచాక విప్పి చదివితే ఏం రావాలి? మూడు ఊళ్ళూ రావాలి కదా! రావు. 'కుప్పం, కుప్పం, కుప్పం' అని వస్తుంది. ఎందుకంటే మూడు చీటీలూ ఒకే డబ్బాలోకి తొంగి చూస్తాయి, ఆ డబ్బాలో చివరగా మిగిలింది కుప్పం.

ఎంత అందమైన గుంత! కానీ గో భాష తయారుచేసినవాళ్ళు ఏం చేశారో తెలుసా? ఇరవై ఇరవై నాలుగులో దాన్ని పూడ్చేశారు! ఇప్పుడు ఏ పేరుకు ఆ డబ్బా. మూడు ఊళ్ళూ బుద్ధిగా వరసగా వస్తాయి. జనం పడిపోతున్నారని పూడ్చారట. పడిపోయేవాళ్ళను చూపించి బతికేవాళ్ళ గతేమిటని ఒక్కరైనా ఆలోచించారా?

పుంగనూరు రోడ్డులో ఒక ప్రైవేటు బస్సు డ్రైవరు ఉన్నాడు. ఏ మలుపులో ఏ గుంత ఉందో కళ్ళు మూసుకుని చెబుతాడు. రోడ్డు కొత్తగా వేశారు, అద్దంలా ఉంది. అయినా ఆయన అదే చోట, అదే విధంగా బస్సును పక్కకు తిప్పేస్తాడు. లోపల జనం ఒకరి మీద ఒకరు పడి, 'అబ్బా, ఏం అనుభవమప్పా!' అని మెచ్చుకుంటారు. జయచంద్ర మాస్టారు కూడా అంతే. క్వశ్చన్ బ్యాంకులో ఒక్క అక్షరం మార్చలేదు.

అంతా సవ్యంగా సాగుతుండగా హరిత వచ్చి చేరింది.

హరితది సోమల. తండ్రి రెడ్డెప్ప టమాటా పండిస్తాడు. పిల్ల తెలివైందే, ఒక్క దురలవాటు తప్ప. ఏ ప్రశ్న చెప్పినా ల్యాప్‌టాప్‌లో కొట్టి, నడిపించి చూస్తుంది!

మాస్టారు ఎంతో ఓర్పుగా చెప్పాడు. "యాలమ్మా నీకీ యాతన? ప్రశ్న ఉండాది, దాని కిందనే జవాబు ఉండాది. నడమ ల్యాప్‌టాప్‌ను యాల తెస్తాండావు?"

"నడిపిస్తే మూడు ఊళ్ళూ వస్తాండాయి సార్. మన జవాబు పాతదై పోయింది," అంది హరిత.

మాస్టారు ల్యాప్‌టాప్ వంక జాలిగా చూశాడు. "ఇది చెడిపోయినట్టుండాదమ్మా. మీ నాయనకు సెప్పి రిపేరు సేపించు," అన్నాడు.

పాపం రెడ్డెప్ప! టమాటా బాక్సుల మధ్య ల్యాప్‌టాప్ పెట్టుకుని మదనపల్లె తెచ్చాడు. రిపేరు షాపువాడు ఫార్మాట్ కొట్టిచ్చాడు. అయినా మూడు ఊళ్ళే! రెడ్డెప్ప మళ్ళీ వచ్చి, "ఏమప్పా, ఇంగా మూడూళ్ళూ తిరగతానే ఉండాది, కుప్పంలో నిలబడే మార్గమే లేదా?" అని షాపువాడితో పోట్లాడాడు.

అదే బ్యాచ్‌లో గిరీష్ ఉన్నాడు. శాంతిపురం కుర్రవాడు. మా అక్క కొడుకు కాబట్టి చెప్పడం లేదు, నిజంగా రత్నం. ల్యాప్‌టాప్ మూత తీసిన పాపాన పోలేదు. 'కుప్పం, కుప్పం, కుప్పం' అని వాడు చెబుతుంటే సొంత ఊరి పక్కదే కనుక గొంతులో అభిమానం కూడా పలికేది.

ఇద్దరూ బెంగళూరులో ఒకే కంపెనీ ఇంటర్వ్యూకు పోయారు. ఇంటర్వ్యూ చేసినాయన పేరు మునికృష్ణ, కంపెనీలో మేనేజరు. కాగితం చూసి మొదటి ప్రశ్న అడిగాడు. 'మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని మూడు పేర్లున్నాయి...'

బెంగళూరు కంపెనీలో మన ఊళ్ళ పేర్లు ఎలా వచ్చాయా అని ఆశ్చర్యపోతున్నారా? మునికృష్ణ కూడా విజయపథం సరుకే! జయచంద్ర మాస్టారి పాత శిష్యుడు. ఆ క్వశ్చన్ బ్యాంకు కాగితం పట్టుకునే ఉద్యోగంలోకి పోయాడు, ఆ కాగితంతోనే ఉద్యోగాలిస్తున్నాడు. గురుభక్తి అంటే అదీ!

గిరీష్ మూడుసార్లు కుప్పం అన్నాడు. ఉద్యోగం వచ్చింది. హరిత మూడు ఊళ్ళూ చెప్పింది. ఇంటికొచ్చింది.

గిరీష్ మా మేడ మీద గదిలోనే కూర్చుని వర్క్ ఫ్రం హోమ్ మొదలుపెట్టాడు. వాళ్ళ ఊళ్ళో నెట్ సరిగా రాదు. మొదటి వారంలోనే ఒక చిన్న ఇబ్బంది బయటపడింది. కంపెనీవాళ్ళు పని ఇచ్చారు! క్వశ్చన్ బ్యాంకులో ఉన్న గుంతే వచ్చింది. జవాబు వాడికి నోటికొచ్చు. కానీ గుంత ప్రశ్నలాగా రాకుండా అచ్చం గుంతలాగానే వస్తే ఎవడు గుర్తుపడతాడండీ?

అందుకని హరితకు ఫోన్ చేశాడు.

"హరితా, ప్రోగ్రాము పడిపోతాంది. యాలో తెలీలేదు. రొంత సూస్తావా?"

ఆ పిల్ల చూసింది. బాగుచేసింది. మర్నాడూ చేసింది, ఆ మర్నాడూ చేసింది. ఒకసారి టమాటా కోతలో ఉండి కూడా గట్టు మీద కూర్చుని చెప్పింది. మావాడు స్పీకర్ పెట్టేవాడు, నాకు కిందికి వినపడేది. "అట్ల గాదప్పా గిరీషూ, పక్కకు పంపిన పనులు తిరిగొచ్చేదాకా కాసుకోమని సెప్పల్ల గదా, లేకుంటే ప్రోగ్రాము ముందే ఎల్లిపోతాది," అని ఓపిగ్గా విడమర్చేది. గిరీష్‌కు కంపెనీలో మంచి పేరొచ్చింది. ఏడాది తిరక్కుండా వాణ్ణి ఇంటర్వ్యూలు చేసే ప్యానెల్‌లో వేశారు. పని తెలిసినవాళ్ళు పనిలో ఉంటారు కదా, ఇంటర్వ్యూలకు మిగిలేదెవరు?

అప్పుడే హరిత మళ్ళీ అప్లై చేసింది. ఇదే ఆఖరిసారి. రెడ్డెప్ప కూతురితో తెగేసి చెప్పాడట. "ఈ తూరి గూడా కాకుంటే టమాటా మండీలో బిల్లులు కొట్టే పని ఉండాది, ఆడ చేరు తల్లీ. ఎన్నాళ్ళని బెంగళూరు దావ సూస్తాము?"

ఆ రోజు పొద్దున్నే గిరీష్ ఆమెకు ఫోన్ చేయడం నేను విన్నాను.

"హరితా, నీకు దండం పెడతా. కుప్పం అని మూడుసార్లు అనేయి. నువ్వు సెప్పేదే నిజం, నాకు తెలుసు. కానీ మునికృష్ణ సారు చేతిలో ఆ కాగితమే ఉంటాది."

"తెలిసినోడివి నువ్వు ఉంటావు గదా ఆడ. నువ్వు సెప్పు," అందా పిల్ల.

చూశారా పొగరు!

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. మావాడు పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ కట్టుకుని కూర్చున్నాడు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. తెరమీద ఒక పక్క మునికృష్ణ, ఒక పక్క హరిత. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రశ్న రానే వచ్చింది.

హరిత మూడు ఊళ్ళ పేర్లూ వరసగా చెప్పింది. "ముందు కుప్పం ఒక్కటే వచ్చేది సార్. మార్చినారు. ఒక్క నిమిషం ఇస్తే ఈడనే నడిపించి సూపిస్తాను," అంది.

"ఇది ఇంటర్వ్యూ తల్లీ," అన్నాడు మునికృష్ణ. "ఈడ పని చేసి సూపించే టైము యాడుంటుంది?" తర్వాత మావాడి వైపు తిరిగాడు. "ఏమప్పా గిరీష్, నువ్వేమంటావు?"

మావాడి పరిస్థితి కాస్త ఆలోచించండి. హరిత చెప్పింది రైటంటే, తను చెప్పింది తప్పు. తను చెప్పింది తప్పైతే, తనకెందుకు ఉద్యోగం ఇచ్చారు? ఇచ్చిన మునికృష్ణకు ఎవరిచ్చారు? ఒక్క పిల్ల కోసం ఇన్ని పునాదులు కదిలించమంటారా?

హరిత రెప్ప వేయకుండా వాడినే చూస్తోంది. గిరీష్ కాగితం చూశాడు. తల ఎత్తలేదు.

"క్యాండిడేట్‌కు గో బేసిక్స్ రావు సార్," అన్నాడు.

ఆ పిల్ల పెదవి కొరుక్కుని, "థ్యాంక్యూ సార్," అని వెళ్ళిపోయింది. నేను కాఫీ సగంలోనే వదిలేశాను. చక్కెర తక్కువైందని మా ఆవిడ మీద అరిచాను. తక్కువ కాలేదంది ఆవిడ.

పోనీలెండి, వ్యవస్థ నిలబడింది! అంతవరకే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు. అసలు అన్యాయం మర్నాడు జరిగింది.

పొద్దున్నే కంపెనీ సర్వరు పడిపోయింది. బెంగళూరు నుంచి మునికృష్ణ ఒకటే ఫోన్లు. ఆయన కాగితం తిరగేస్తున్నాడు, మావాడు కాగితం తిరగేస్తున్నాడు, వాళ్ళ టీములో అందరూ అవే జవాబులు ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు. సర్వరు మాత్రం లేవదు. మావాడు చెమటలు కక్కుకుంటూ హరితకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను. అవతల మండీలో టమాటా వేలం కేకలు వినబడుతున్నాయి.

"హరితా, నిన్నటిది మనసులో పెట్టుకోవద్దు. సర్వరు పడిపోయింది, సాయంత్రం లోపల లేపకుంటే నా ఉద్యోగం పోతాది. రొంత సూడవా?"

"నన్ను యాల అడుగుతాండావప్పా?" అంది హరిత. గొంతులో కోపం కూడా లేదు. "నాకు బేసిక్స్ రావని నువ్వే సెప్పినావు గదా."

ఫోన్ పెట్టేసింది.

ఇదండీ నా బాధ! ఏడాదిపాటు అడిగినప్పుడల్లా పైసా తీసుకోకుండా చేసిన పిల్ల, ఇప్పుడు చేయనంటోంది. ఇన్నాళ్ళూ మావాడి జీతంలో నిక్షేపంలా పనిచేసిన మనిషి, ఒక్క మాటకు అలిగి మండీలో బిల్లులు కొడుతోంది. అందుకే తల్లిదండ్రులకు చేతులు జోడించి చెబుతున్నాను, మీ పిల్లలను ప్రోగ్రాములు రాయనివ్వకండి. రాసినవాళ్ళకు పని వచ్చేస్తుంది. పని వచ్చినవాళ్ళకు ఏదో ఒకరోజు రోషం కూడా వస్తుంది. అప్పుడు, పనిరాని మా బోటివాళ్ళ ఉద్యోగాలు ఎవరు చేసిపెడతారు?