తిమ్మన్న పెరట్లో ఊట

వీరేష్ ఆ పొద్దున అనుకున్న పని చిన్నదే. తల్లి సిద్దమ్మ మేకలను తోలుకుని పోగానే పెరట్లో గుంతమీద రోజూలాగే రెండు బిందెల నీళ్ళు పోసి, ఏమీ ఎరగనట్టు వచ్చి టీ తాగాలి.

గుంతలో మూత బిగించిన ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, డ్రమ్ములో లాగర్ బీరు. బెంగళూరులో బీరు తయారుచేసే హోటల్లో పాత్రలు కడుగుతూ నేర్చుకున్న విద్య అది. అక్కడ దాన్ని చల్లటి గదుల్లో పులియబెడతారు. తమ ఊరు విడపనకల్లు ఎండల్లో చల్లదనం ఎక్కడిది? తాగే నీళ్ళ కడవను తడి ఇసుకలో పెట్టమా అనుకుని, డ్రమ్మును ఇసుకలో పాతి పైన మన్ను కప్పాడు. మందు ముట్టనని తల్లి అతనిచేత ఊరి దేవత చౌడమ్మ మీద ఒట్టు వేయించుకుంది. చేయనని మాత్రం వేయించుకోలేదు.

నీళ్ళు పోసి, బిందెలు లోపల పెట్టి వచ్చేసరికి తండ్రి తిమ్మన్న గుంత దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. అక్కడ పచ్చగా గరిక మొలిచింది.

"ఏమప్పా, ఈ ఎండల్లో ఈడ తడి యాడిది?"

"ఏమో నాయనా."

ఆ ఒక్క మాటతోనే కొంప మునిగింది. మూడు బోర్లు వేయించి మూడింట్లోనూ దుమ్మే చూసిన మనిషి తిమ్మన్న. ఆయన మొహంలో ఆశ చూశాక వీరేష్‌కు నిజం చెప్పబుద్ధి కాలేదు.

మధ్యాహ్నానికి నీళ్ళ జాడ చెప్పే అంజినప్ప వచ్చాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పెరడంతా తిరిగాడు. సరిగ్గా గుంత మీదికి రాగానే టెంకాయ నిటారుగా లేచి నిలబడింది.

"రెండించుల నీళ్ళు తిమ్మన్నా! రాసిపెట్టుకో!"

వీరేష్‌కు మతిపోయింది. టెంకాయ తను పోసిన నీళ్ళకు లేచిందా, బీరుకు లేచిందా, లేక అడుగున నిజంగానే గంగ ఉందా? అతనికే అనుమానం పట్టుకుంది.

సాయంత్రానికి వీధిలో బోరు బండి, వాకిట్లో మేకల బేరగాడు. సిద్దమ్మ తను పాలు పట్టి పెంచిన మేక మెడ పట్టుకుని, "పోనీలే, నీళ్ళు పడితే మళ్ళా కొనుక్కుందాం" అంటూ కళ్ళు తుడుచుకుంది. అది చూసి వీరేష్ ఇక ఆగలేకపోయాడు.

"నాయనా, ఆడ ఊట లేదు. బీరుండాది. నేనే చేసినా."

అందరూ పకపకా నవ్వారు.

"మందు కాయాలంటే పొయ్యి వద్దా? పొగ యాడ?" అన్నాడు అంజినప్ప.

"దీన్ని సారా మాదిరి కాచేది లేదన్నా, చల్లగా పెడితే చాలు."

"చల్లగా పెడితే మందవుతాదంట!"

సిద్దమ్మ కొడుకు తల నిమిరింది. "మేకల కోసం అబద్ధం చెప్తాండాడు, పిచ్చి నాయన."

తిమ్మన్న పసుపు కుంకుమ చల్లి, దండం పెట్టి, గడ్డపార ఎత్తి పొడిచాడు. బుస్సుమంటూ తెల్లటి నురగ మనిషెత్తు లేచింది.

"గంగమ్మ తల్లీ!" అంటూ అందరూ సాష్టాంగపడ్డారు. తిమ్మన్న దోసిలి పట్టి, కళ్ళకద్దుకుని తాగాడు. వీరేష్ కళ్ళు మూసుకున్నాడు.

"చేదు," అన్నాడు తిమ్మన్న నీరసంగా.

బోరు బండి డ్రైవరు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. "ఫ్లోరైడన్నా! ఈ నీళ్ళు పైరుకు గూడా పనికిరావు. బోరు దండగ."

బండి వెళ్ళిపోయింది. బేరగాడూ వెళ్ళిపోయాడు. మేకలు దొడ్లోకి వచ్చాయి. అంజినప్ప మాత్రం తగ్గలేదు. "నీళ్ళుండాయన్నా గానీ, తియ్యగుంటాయని అన్నానా?"

గుంత దగ్గర ఒంటరిగా కూర్చున్న తండ్రిని వీరేష్ చూశాడు. తల్లికి వేసిన ఒట్టుకూ తండ్రి ఆశకూ రెండింటికీ ద్రోహం చేసినట్టనిపించి, పొద్దున్నే ఆ డ్రమ్ము తవ్వి పారేయాలని నిశ్చయించుకున్నాడు.

తెల్లవారి సిద్దమ్మ మేకలను తోలుకుని పోగానే పార పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. తిమ్మన్న అప్పటికే అక్కడున్నాడు. పక్కన ఖాళీ చెంబు, మీసాలకు నురగ. బిందె వంచి గుంత చుట్టూ జాగ్రత్తగా నీళ్ళు పోస్తున్నాడు.

"ఊట ఉండే చోటు తడారకూడదప్పా," అన్నాడు.