పాపకు సరిపోయే కళ్ళెం

ఆదివారం కర్నూలులో కొడుకు పెళ్ళి. శుక్రవారం పొద్దున గంగాధరం పెట్టుకున్న పని ఒక్కటే: ఓర్వకల్లు వెళ్ళి, ఊరేగింపుకు మాట్లాడిన తెల్ల గుర్రాన్ని ఒకసారి చూసి రావడం. బనగానపల్లెలో ఆయనకు బట్టల అంగడి ఉంది. పెళ్ళికొడుకు గుర్రం మీద రావాలన్నది కాబోయే కోడలు అమూల్య కోరిక. ఆ అమ్మాయి నోరు తెరిచి అడిగింది అదొక్కటే కావడంతో ఎక్కడా తేడా రాకూడదని ఆయన పట్టుదల.

ఆడగుర్రం. దాని యజమాని దాదా ఖలందర్ దాన్ని పాప అని పిలుస్తాడు. గంగాధరం చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా అతను ఫోన్ చేశాడు.

"శెట్టీ, పాప ఈ పొద్దు కళ్ళెం పట్టనీలేదు. దాని ఇనుప కమ్మీ నోట్లో పెడితే తల విదిలిస్తాండాది. లోపల పన్ను ఏదో వంకరగా ఉండాది. పశువుల డాక్టరమ్మకు చెప్పినా, వస్తాండాది."

గంగాధరం గుండీలు వదిలేశాడు. "పాపకు పన్ను వంకరా? నోట్లో కమ్మీ పెడితే తల విదిలిస్తాదా? ఏమప్పా, ముందే చెప్పకూడదా? పెళ్ళిలో అందరి ముందర ఎవరినన్నా కొరికితే ఏం కావాల?" అని అరిచాడు. అరుస్తూనే మెట్లు దిగి కారెక్కాడు.

వంటింట్లో ఉన్న భార్య అనసూయమ్మకు ఈ వైపు మాటలే వినబడ్డాయి. వియ్యంకుడు రాఘవేంద్రప్రసాద్ తన కూతుర్ని ఎప్పుడూ 'మా పాప' అనే అంటాడు. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. పిల్లకు వంకర పళ్ళు, వాటికి కమ్మీలు, పైగా కొరుకుతుంది! భర్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చాలాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరిగి, ఉండబట్టలేక వియ్యంకుడికే చేసింది.

"అన్నా, ఏమనుకోవద్దు. పెళ్ళికి ముందర పాప నోరు ఒకసారి చూపించాల."

"నోరా? ఏం నోరు చెల్లెమ్మా?"

"పళ్ళుండే నోరు. కొరికే అలవాటు ఎప్పటినుంచి?"

రాఘవేంద్రప్రసాద్ ఫోన్ పెట్టేసి గంగాధరానికి చేశాడు. గంగాధరం అప్పటికే ఓర్వకల్లులో గుర్రపు పాక ముందు ఉన్నాడు. పశువుల డాక్టరు శ్రీవిద్య టార్చిలైటు పట్టుకొని గుర్రం నోట్లోకి చూస్తోంది.

"బావా, పాప పళ్ళకేమంట?" వియ్యంకుడు గబగబా అడిగాడు.

గుర్రం సంగతి భార్య చెప్పేసిందనుకున్నాడు గంగాధరం. "కంగారు పడొద్దు బావా. దవడ పళ్ళు పదునెక్కినాయంట. డాక్టరమ్మ ఆకురాయితో అరగదీస్తాది."

"ఆకురాయితోనా! మీకెవరు చెప్పినారు?"

"ఖలందర్. పాపను చిన్నప్పటినుంచి పెంచింది ఆయప్పే కదా."

"పెంచింది నేను" అని అవతలినుంచి వినబడింది.

అదే క్షణాన గుర్రం సకిలించడంతో ఆ మాట గంగాధరం చెవిన పడలేదు. "పాపతో కుదరకపోతే వద్దు బావా. నంద్యాలలో ఇంకోటి తెల్లది ఉండాది. ఎందుకైనా మంచిదని దాన్నీ అడిగి పెట్టినా."

"మీరు యాడున్నారు?"

"ఓర్వకల్లులో, ఖలందర్ ఇంటికాడ."

"ఆడనే ఉండండి."

ఇక్కడ శ్రీవిద్య పరీక్ష ముగించింది. కమ్మీ ఆనే చోటే ఒక చిన్న అదనపు పన్ను మొలిచి ఉంది. కమ్మీ కదిలినప్పుడల్లా దానికి తగులుతోంది. దవడ పళ్ళ అంచులు చెంపను గీరుతున్నాయి.

"మెత్తగా ఉంటాదని లావు కమ్మీ తెచ్చినానమ్మా" అన్నాడు ఖలందర్ బాధగా. "నోరు తెరవకుండా ముక్కు పట్టీ కూడా బిగించినా."

"దీని నోరు చిన్నది. లావుదైతే నాలుకకు చోటే ఉండదు. పట్టీ బిగిస్తే చెంపలు పోయి ఆ పదునుకే ఒత్తుకుంటాయి. అంచులు రేపు మత్తు సూది వేసి అరగదీస్తా. ఆ పన్ను పెళ్ళయినాక తీద్దాం. అప్పటిదాకా నోట్లో ఇనుమే వద్దు."

"ఇనుము లేకుంటే మాటింటాదా?"

"నొప్పి లేకుంటే వింటాది."

ముక్కు మీద మెత్తటి తోలు పట్టీ ఉండి, పగ్గాలు దానికే తగిలించే కళ్ళేన్ని ఎంచి తొడిగించింది. రెండు వేళ్ళు దూరేంత వదులు ఉంచింది. పాప తల వంచుకొని బుద్ధిగా నడిచింది. గంగాధరం హమ్మయ్య అనుకున్నాడు.

ఇంతలో కారొకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. రాఘవేంద్రప్రసాద్ దిగాడు. వెనక సీటులో అమూల్య, గోరింటాకు ఆరని రెండు చేతులూ పైకెత్తుకొని కూర్చుంది.

"ఖలందరంటే ఎవరు?"

"నేనే సార్."

"నా కూతురి పళ్ళ సంగతి నీకెట్ల తెల్సు?"

"మీ కూతురు కాదు బావా, పాప!" అన్నాడు గంగాధరం.

"పాపే నా కూతురు!"

ఖలందర్ వినయంగా గుర్రం వైపు చెయ్యి చూపించాడు. రాఘవేంద్రప్రసాద్ చాలాసేపు దాన్ని చూశాడు. "నంద్యాలలో తెల్లది?" అని అడిగాడు నీరసంగా.

"అదీ గుర్రమే బావా."

కారులోంచి అమూల్య నవ్వు వినబడింది. వియ్యంకులిద్దరూ కూడా నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ముగియకముందే ఇంకో కారు వచ్చింది. వియ్యంకుడు కూతురితో ఓర్వకల్లు వస్తున్నాడని తెలిసి, కొడుకు జ్ఞానేశ్వర్ చేత కారు నడిపించుకొని వచ్చిన అనసూయమ్మ దిగి, ఎవరినీ పలకరించకుండా సూటిగా కోడలి దగ్గరికి పోయింది.

"నోరు తెరువు తల్లీ."

"తెరుస్తా అత్తా" అంది అమూల్య కారు దిగి. "మీ అబ్బాయి కూడా తెరవాల."

"వాని పళ్ళకేమి? ముత్యాలు."

అమూల్య నోరు పూర్తిగా తెరిచింది. చక్కటి పళ్ళు, ఏ కమ్మీ లేదు. తర్వాత అందరూ జ్ఞానేశ్వర్ వైపు తిరిగారు. అతను తల్లిని చూశాడు, నేలను చూశాడు. తర్వాత వేలు పెట్టి పై వరసలో ముందు పన్నును ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"అహోబిలం కొండదారిలో బండి మీద నుంచి పడినా" అన్నాడు. పన్ను లేని సందులోంచి మాట ఈలలా వచ్చింది. "చెప్తే సంబంధం పోతాదని అమ్మ వద్దనింది. నేనన్నా చెప్పాల్సింది అమూల్యా. తప్పే."

గంగాధరం తల పట్టుకున్నాడు. రాఘవేంద్రప్రసాద్ నవ్వడం మానేశాడు. పొద్దుటినుంచి తన కూతురు పడ్డ నిందలన్నీ ఇప్పుడు వడ్డీతో తిరిగి ఇవ్వబోతున్నట్టు గొంతు సవరించుకున్నాడు. అమూల్య ఆయన్ను ఆపింది.

ఆమె కాబోయే భర్తను తేరిపార చూసింది. తప్పు ఒప్పుకున్న ముఖం, చేతిలో పన్ను. కోపంగా ఉండాలనే ప్రయత్నించింది కానీ పెదవులు ఆగలేదు.

"డాక్టరమ్మా," అని పిలిచింది, "ఈయనకు ఏ కళ్ళెం సరిపోతాది?"

శ్రీవిద్య చేతులు తుడుచుకుంటూ అంది: "ఈయనకూ ఇనుము వద్దు. మెత్తగానే పట్టుకో. వదులుగా మాత్రం వదలొద్దు."

ఆదివారం పాప ఒక్కసారీ తల విదిలించకుండా, బ్యాండు మేళం పక్కనే దర్జాగా నడిచింది. జ్ఞానేశ్వర్ పన్ను పెట్టుకొనే గుర్రమెక్కాడు. అనసూయమ్మ ఆ రెండు రోజులూ ఎవరి పళ్ళ ఊసూ ఎత్తలేదు.